వంపు లేని అక్షరాలు

అసలు వంపు ఎందుకుండాలి? తాటాకుల కాలంలో తప్పలేదు, సరే. గంటాన్ని తిన్నగా లాగితే ఆకు ఈనె వెంట చీలుతుందని రాసేవాళ్లు భయపడ్డారు. ఆ భయమే చుట్టుకొని చుట్టుకొని గుండ్రటి అక్షరమైంది. ఇన్ని తరాలుగా మనం అందం అనుకుంటున్నది ఎవరిదో భయాన్ని. రేకు చీలదు కదా. రేకు మీద రాసేవాడికి ఎందుకా భయం? అవతల శ్రీహరికోటలో రాకెట్లు లేస్తున్నాయి, ఇవతల అక్షరం ఇంకా ముడుచుకుని పడుకోవడమేమిటి...

బ్లేడు స్టీలు స్కేలు అంచుకు తగిలి కీచుమంది. శఠగోపం ఆగి, స్కేలును ఎడమచేత్తో ఇంకా గట్టిగా అదిమాడు. ఈ వాదన అతను ఎవరితోనూ చెయ్యడం లేదు. దుకాణంలో తనొక్కడే ఉన్నాడు. అయినా రోజూ పని మొదలుపెట్టగానే ఎదురుగా ఎవరో కూర్చుని నిలదీస్తున్నట్టు మొదటి నుంచి చివరి దాకా చెప్పుకొస్తాడు. చెప్పడం అయ్యాక కాసేపు నిమ్మళంగా ఉంటుంది. మళ్లీ కుంచె కంటబడగానే మొదలవుతుంది.

బల్ల మీద పరిచింది పాత ఎక్స్‌రే ఫిల్ము. ఆసుపత్రి కాంపౌండరు దగ్గర కట్టలుగా కొంటాడు. స్టెన్సిలుకు అట్ట కంటే అది మేలు; రంగుకు నానదు, ఎన్నిసార్లైనా తుడుచుకోవచ్చు. దాని మీద ఎవరివో పక్కటెముకలు. వాటి మీదుగా తెల్ల పెన్సిలుతో గళ్లు గీసి, గళ్లలో అక్షరాలు నిలబెట్టాడు. ఒక్కో అక్షరం ఒక్కో పెట్టె. తలకట్టును ఏటవాలుగా ఒకే కోతతో దించాడు. సున్న ఆరు పలకల నట్టులా అయింది. గుడి ఇంటికప్పులా అయింది. కిందికి వేలాడే ఒత్తులన్నిటినీ మడిచి లోపలికి లాగాడు. అక్షరాలన్నీ ఒకే ఎత్తులో, ఒకే మందంలో, కాస్త ముందుకు వాలి, ప్రహరీ గోడ మీద నాటిన గాజుపెంకుల్లా వరసగా నిలబడ్డాయి. కోసిన ముక్కను గోటితో ఎత్తి తీస్తే, ఎముకల మధ్య పదునైన బొక్క పడి, దానిలోంచి బల్ల చెక్క కనిపించింది.

స్కేలు ఉన్నంతసేపు చెయ్యి చెప్పినమాట వింటుంది. అతనికి కావలసింది అదొక్కటే.

చలికాలంలో ఒక బట్టలకొట్టు బోర్డు రాస్తుండగా, కుంచె సున్న చుట్టి వచ్చి బయలుదేరిన చోటికి చేరలేదు. కొంచెం పక్కన, కొంచెం కిందుగా ఆగి, నీళ్లలో పడ్డ పురుగులా అక్కడే కొట్టుకుంది. టర్పెంటైను గుడ్డతో తుడిచి మళ్లీ చుట్టాడు. మళ్లీ అంతే. రంగు పలచనైందని కొట్టాయనతో చెప్పి ఇంటికొచ్చేశాడు. తలుపు వేసుకుని చెయ్యి చూసుకున్నాడు. అది తన చెయ్యిలాగే ఉంది. పడుకున్న కుక్కలా, లేపితే ఏం చేస్తుందో తెలియనట్టు, ఒళ్లో పడి ఉంది. ఆ వారమే వచ్చిన ఫోటో స్టూడియో బోర్డును స్కేలు పెట్టి గీసిన గీతలతోనే కట్టేశాడు. స్టూడియో అతను వెనక్కు నడిచి, తల పక్కకు వంచి చూసి, రాకెట్ మాదిరి ఉండాయి సామీ అన్నాడు. ఆ పేరే నిలిచింది. టైలరు, టేపు రికార్డర్ల షాపు, కొత్తగా పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూటు, అందరికీ రాకెట్ అక్షరాలే కావలసి వచ్చాయి. తిరుపతిలో ఏ వీధి మలుపు తిరిగినా అవి ఎదురయ్యేవి. వంపు లేని అక్షరాన్ని ఎవరైనా స్కేలు పెట్టి దించేయగలరు. ఎవరో శవాలను తీసుకెళ్లే తోపుడుబండికి రెండు వైపులా 'వైకుంఠ రథం' అని దించారు. ఒక మధ్యాహ్నం ఆ బండి ఖాళీగా దుకాణం ముందు నుంచి పోతుంటే, అక్షరాలు తనవైపు తిరిగి చూస్తున్నట్టనిపించి శఠగోపం లోపలికి జరిగాడు.

ఉదయం నామం పెట్టుకునేటప్పుడు అద్దంలో తెల్ల గీతలు రెండూ వంకర పోతుంటే, తిరుమణి మట్టి చర్మానికి పడడం లేదని చెప్పి మానేశాడు. మధ్యలో ఎర్రటి శ్రీచూర్ణం మాత్రం వేలితో అద్దుకుంటాడు. భార్య కుముదవల్లి అలాగా అంది. ఆమె ఎలిమెంటరీ బడిలో ఒకటో తరగతికి టీచరు. ఎవరు ఏ సాకు చెప్పినా అలాగా అంటుంది. ఆ మాట వెనక ఏముందో ఇన్నేళ్లలోనూ అతనికి అంతుబట్టలేదు.

అతని తండ్రి గుళ్లో తీర్థం ఇచ్చేవాడు. చివరి ఏడాది ఆయన ఉద్ధరిణి ఎటు వణికితే భక్తుల అరచేతులు అటు కదిలేవి. ఒక ఉదయం ఆయన వెళ్లేసరికి ఉద్ధరిణి ఇంకొకరి చేతిలో ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్నే శఠగోపం మరిచిపోలేదు.

ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. బస్సు బోర్డుకు కోసిన 'సత్యవేడు'. ఎముకల గూట్లోంచి ఎండ అక్షరాలుగా నేల మీద పడింది. అంచులన్నీ పదునుగా, ఒక్కచోట కూడా చెదరకుండా ఉన్నాయి. చెదిరింది తన చేతి నీడ ఒక్కటే.

*

పరంధామయ్య బస్సుల యజమాని. మద్రాసు వెళ్లి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మార్చే మనిషి. ఈసారి బస్సులన్నిటికీ నీలం రంగు వేయించి, పక్కన 'రాకెట్ సర్వీస్' అని రాయించాలనుకున్నాడు. ఊరి బోర్డులు కూడా అదే పద్ధతిలో, నలుపు మీద పసుపు. ఇంకొక మార్పు కూడా చేశాడు. కండక్టర్లు ఊరి పేరు పెట్టి కేకలేయడం ఆగిపోవాలన్నాడు. అంత మంచి బోర్డు పెట్టాక సంతలో మాదిరి అరుపులేందని, జనం బోర్డు చూసుకుని ఎక్కుతారని, మద్రాసులో అంతేనని చెప్పాడు.

నాయుడుపేట బస్సూ, సత్యవేడు బస్సూ మిట్టమధ్యాహ్నం కొంచెం అటూ ఇటూగా ఒకే చోట నుంచి కదులుతాయి. రేణిగుంట దాకా రెండింటికీ ఒకటే దారి. అక్కడ విడిపోయి ఒకటి కాళహస్తి మీదుగా, ఇంకొకటి పుత్తూరు మీదుగా పోతాయి. బోర్డులు తగిలించిన నాలుగైదు రోజులకు శఠగోపం బస్టాండుకు వెళ్లి, నీడలో నిలబడి వాటిని చూశాడు. రెండు నీలం బస్సులు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి నొసటా పసుపు అక్షరాలు సమానమైన ఎత్తులో, సమానమైన వాలుతో ఉన్నాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకే ముళ్లకంచె. చాలా బాగున్నాయి అనుకున్నాడు. అనుకున్న తరవాత కూడా కాళ్లు కదలలేదు.

బస్టాండులో ఏదో తేడాగా ఉంది. అదేమిటో కాసేపటికి గాని తెలియలేదు. ఏకాంబరం గొంతు లేదు. నాయుడుపేట బస్సు కండక్టరు ఏకాంబరం కేకను బస్టాండు అవతల కాఫీహోటల్లో కూర్చున్నా వినొచ్చు. ఇప్పుడతను మెట్టు దగ్గర ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. జనం దగ్గరకొచ్చినప్పుడల్లా గొంతులో ముడి పైకి లేచి, మళ్లీ దిగిపోతోంది. జనం రెండు బస్సుల మధ్య తిరుగుతున్నారు. ఒకాయన ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాడు. గుండు చేయించుకుని గంధం పూసుకున్న కుటుంబం ఒకటి ఎవరినీ అడగడానికి మొహమాటపడి, ముందు నిండుతున్న బస్సులోకి తోసుకుని వెళ్లింది.

చీపుర్ల కట్ట అమ్ముకోగా మిగిలిన గోనెసంచి భుజాన వేసుకుని ఒక పెద్దామె శఠగోపం దగ్గరకొచ్చింది. నుదుట గీత చూసి దండం పెట్టింది.

"సామీ, సత్తివేడు బండి ఏదయ్యా?"

"బోర్డు ఉండాది కదమ్మా."

"అది బోర్డా? కిటికీకి కమ్మీలు బిగించినట్టుండాది. నాకు సదువు రాదు సామీ. పాత బోర్డయితే తెలస్తాది. మొదుట్లో పిల్లి కూసోనుంటాది, దాని తోక కిందికి ఏలాడతా ఉంటాది. తోక సూసుకోని ఎక్కేదాన్ని. ఇప్పుడు తోకే లేదు."

శఠగోపం బోర్డు వైపు చూశాడు. తోకను మడిచి లోపలికి లాగింది తనే. ఎక్కడ మడిచాడో, ఏ కోణంలో కోశాడో చెప్పగలడు. కాని అక్కడ పిల్లి ఉండేదని ఇప్పటిదాకా తెలియదు.

ఆమె పేరు నాగులమ్మ. అడగకపోయినా చెప్పింది. మొన్న తెలియక నాయుడుపేట బండి ఎక్కేశానంది. రేణిగుంట దగ్గర టికెట్ కోయడానికి వచ్చిన కండక్టరు ఏ ఊరవ్వా అని అడిగి, తల కొట్టుకుని దింపేశాడంది. తనొక్కతే కాదు, బండిలో ఇంకా కొందరు అట్లాగే ఎక్కి ఉన్నారంది. "మంచోడు నాయనా ఆ కండట్రు. తప్పు బండి ఎక్కినోళ్ల కాడ దుడ్డు అడగలా. ఆ రాతలు రాసినోడి చేతులు పడిపోను, వానికేం పొయ్యేకాలమో గానీ," అని తేలిగ్గా నవ్వుతూ అనేసి, ఇంతకీ ఏది నాయనా అని మళ్లీ అడిగింది.

శఠగోపం ఎడమచేత్తో చూపించాడు. కుడిచెయ్యి అప్పటికే చంకలోకి పోయి దాక్కుంది. నాగులమ్మ గోనెసంచి సర్దుకుని బస్సెక్కేదాకా అది అక్కడే, చొక్కా కింద, పట్టుకున్న పిట్టలా కొట్టుకుంటూ ఉంది.

*

బస్సుల పక్కన పేరు రాయడానికి శఠగోపం పరంధామయ్య షెడ్డుకు వెళుతున్నాడు. వెళ్లిన రెండో రోజు, సగం అక్షరాల మీద స్టెన్సిలు బిగించి రంగు అద్దుతుండగా, వెనక మాటలు గట్టిగా వినిపించాయి. గట్టిగా ఉన్నది ఏకాంబరం గొంతే. పరంధామయ్య ఎప్పుడూ గొంతు పెంచడు. పాత టైరు మీద తువాలు పరుచుకుని కూర్చుని, పక్కనున్న మనిషి చెవిలో చెప్పినట్టు మాట్లాడతాడు.

చెకింగ్‌కు పంపిన మనిషి రేణిగుంటలో కాపు కాశాడట. నాయుడుపేట బస్సులోంచి టికెట్ లేకుండా జనం దిగుతుండగా పట్టుకున్నాడు. ఒక రోజు కాదు, వరసగా.

"దుడ్డు తీసుకోని టికెట్ ఇయ్యకుండా దించేస్తా ఉండావు. అంతేనా?" అన్నాడు పరంధామయ్య.

"తీసుకుంటే కదన్నా. వాళ్లు సత్తివేడోళ్లు. బోర్డు తెలీక నా బండి ఎక్కినారు. తప్పు బండి ఎక్కినోళ్ల కాడ ఏమని తీసుకుందును?"

"బోర్డు తెలీకనా?"

"తెల్డం లేదన్నా. కేకెయ్యొద్దన్నావు, ఎయ్యలా. ఆ అక్షరాలు సదవడానికి కాదు, సూడ్డానికి."

పరంధామయ్య కోప్పడలేదు. ఈ ఊళ్లో ప్రతి షాపువాడూ ఆ అక్షరాలే రాయించుకుంటున్నాడని, వాళ్లందరి దగ్గరకూ జనం తెలియకుండానే వస్తున్నారా అని అడిగాడు. షాపులో ఏం అమ్ముతారో బయటికే కనబడుతుంది, బస్సు ఎక్కడికి పోతుందో కనబడుతుందా అని ఏకాంబరం అన్నాడు. పక్కనున్న డ్రైవరొకడు ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. ఆ నవ్వే పని చెడగొట్టింది. పరంధామయ్య తువాలు దులుపుకుని లేచాడు.

"రాసినాయన ఈన్నే ఉండాడు కదా. అడుగుదాం. ఏం సామీ, నీ అక్షరాలు సదవను రావంటా ఉండాడు వీడు. నిజమేనా?"

శఠగోపం చేతిలో రంగు అద్దే గుడ్డముద్ద ఉంది. తిరిగి చూశాడు. ఏకాంబరం కళ్లల్లో అనుమానం లేదు. ఈయన చెబుతాడు, అయిపోతుంది అన్న ధీమా ఉంది. అదే శఠగోపాన్ని భయపెట్టింది. నిజమేనండీ అనడం ఎంతసేపు? కాని ఆ మాట వెనక ఇంకొక మాట తలుపు దగ్గరే నిలబడి ఉంది: అయితే పాత పద్ధతిలో రాసియ్యి సామీ. దాని వెనక కుంచె, డబ్బా, గుండ్రటి అక్షరం, చుట్టూ చూసే జనం. అతని మనసు చాలా వేగంగా ఆ మెట్లన్నీ దిగింది. అట్టడుగున తండ్రి ఖాళీ చేతులతో గుళ్లోంచి ఇంటికి నడిచి వస్తున్నాడు.

"చదువొచ్చినోళ్లకు బాగానే తెలస్తాదండీ," అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది. దానికి అతనికే ఆశ్చర్యమేసింది.

ఏకాంబరం తోలుబ్యాగు మెడలోంచి తీసి డీజిలు డ్రమ్ము మీద పెట్టాడు. బ్యాగు పట్టీ రాసుకున్న చోట చొక్కా భుజం పలచబడి తెల్లగా ఉంది. టికెట్ల కట్ట, విజిలు పక్కన పెట్టి, అవి పడిపోకుండా కొంచెం లోపలికి జరిపి, బయటికి నడిచాడు. గేటు దాటేముందు ఒక్కసారి తల తిప్పి శఠగోపాన్ని చూశాడు. తిట్టే చూపు కాదు. బోర్డును చదవబోయి, చదవలేక, మళ్లీ ప్రయత్నిస్తున్న మనిషి చూపు.

శఠగోపం తిరిగి గుడ్డముద్దను రంగులో ముంచాడు. మిగిలిన అక్షరాలు చక్కగా దిగాయి. ఒక్క అంచూ చెదరలేదు. ఫిల్ము విప్పి తీస్తే నీలం రేకు మీద పసుపు కోణాలు ఎండకు తళతళమన్నాయి. చూస్తూ ఉంటే అవి ఏదో నోటిలోని పళ్లలా అనిపించాయి. పరంధామయ్య వచ్చి భుజం తట్టి, చిత్తూరు రూటు బస్సులు కూడా తెప్పిస్తానన్నాడు.

*

మరునాడు సాయంత్రం ఏకాంబరం దుకాణానికి వచ్చాడు. దుకాణం ముందుగది, ఇల్లు వెనక, మధ్యన తెర. కుముదవల్లి అప్పుడే బడి నుంచి వచ్చి లోపల కాళ్లు కడుక్కుంటోంది. ఏకాంబరం మెట్టు మీద కూర్చున్నాడు. మెడలో బ్యాగు లేకపోవడంతో అతని భుజం ఒకటి ఇంకొకదాని కంటే ఎత్తుగా ఉన్నట్టు తెలుస్తోంది. వచ్చింది దెబ్బలాడ్డానికేమో అని శఠగోపం కాచుకున్నాడు. దెబ్బలాడితే బాగుండుననిపించింది కూడా.

"నిన్న నువ్వన్నదాంట్లో తప్పేం లేదులే సామీ. సదువొచ్చినోళ్లకు తెలస్తాది. నా బండి ఎక్కేది రానోళ్లు కదా," అన్నాడు ఏకాంబరం. కాసేపు చెప్పులతో మట్టి గీరాడు. దొంగ అని పేరు పడ్డాక ఈ జిల్లాలో ఏ యజమానీ బ్యాగు చేతికివ్వడని, రాత్రి ఇంట్లో ఆ మాట చెప్పలేక కడుపునొప్పి అని పడుకున్నానని, కళ్లు ఎత్తకుండా చెప్పాడు. అప్పుడు అసలు సంగతికి వచ్చాడు.

"ఒక్క బోర్డు రాసియ్యి సామీ. పాత మాదిరి. 'సత్యవేడు', అంతే. ఓనర్ని బస్టాండుకు పిలస్తా. అది పెట్టి సూడన్నా, ఎవురు ఏ బండి ఎక్కతారో నీ కండ్లతోనే సూడు అంటా. నీకు ఎంతసేపు పనిది? పాత బోర్డులు రాసింది నువ్వే కదా."

శఠగోపం చేతిలో బ్లేడు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చేతి నిండా పని ఉందన్నాడు. రంగు లేదన్నాడు. చివరకు, పాత అక్షరాలు ఇప్పుడు తను రాయడం లేదన్నాడు. అంటూ ఉండగానే తాటాకు, గంటం, ఆకు చీలడం అన్నీ నోట్లోకి వచ్చేశాయి. ఏకాంబరం శ్రద్ధగా విన్నాడు. వినడం అయ్యాక, అట్లనా సామీ అన్నాడు. బోర్డు కాకపోతే అట్ట మీదైనా సరే అన్నాడు. శఠగోపం స్కేలును ఫిల్ము మీద సరిచేసుకున్నాడు. ఏకాంబరం లేచి, కూర్చున్న మెట్టును అరచేత్తో దులిపి వెళ్లిపోయాడు.

వీధిలో ఎండ ఇంకా తగ్గలేదు. ఎదురు గోడ మీద టేపు రికార్డర్ల షాపు అక్షరాలు నిలబడి ఉన్నాయి. అవి ముందుకు వాలినట్టుగా గీసింది వేగం కోసం. ఇప్పుడవి వినడానికి వంగినట్టున్నాయి.

కుముదవల్లి కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. లోటాలో సగమే ఉంది. నిన్న సగమే. మొన్న కూడా. నోటి దాకా వచ్చినవేవీ అనలేక, అతనికి ఆ సగం మీద కోపమొచ్చింది.

"ఏమిటీ మధ్య అన్నీ సగం సగం పోస్తున్నావు? పాలు చాలడం లేదా?"

"నిండా పోస్తే ఒలుకుతుంది కదండీ."

ఆమె ఆ మాట చాలా మామూలుగా అంది. అని, పలకల సంచి తీసుకుని పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. శఠగోపం లోటా వైపు చూశాడు. ఎన్నాళ్ల నుంచి అని అడగబోయాడు. అడగనవసరం లేదని తెలిసిపోయింది. ఇన్నాళ్లూ గోడలు కట్టి, తలుపులు బిగించి, లోపల తనొక్కడే ఉన్నాననుకున్న గదిలో ఈమె మొదటినుంచీ ఒక మూల కూర్చుని ఉంది. దీపం కూడా వెలిగించుకుని. సిగ్గు వచ్చింది గాని, అది అనుకున్నంత లేదు. చాలాసేపటి నుంచి అదిమిపెట్టిన స్కేలు వదిలేసినట్టు ఎడమచెయ్యి నొప్పి పుట్టింది.

"విన్నావా?" అన్నాడు.

"తెర పలచన కదా." ఒక పలకను తడిగుడ్డతో తుడవబోయి ఆగింది. దాని మీద ఎవరో పిల్ల రాసిన అక్షరాలు ఉన్నాయి. గీత గీతకూ వణుకు, నీళ్లలో కనబడుతున్నట్టు. "ఒకటో తరగతిలో అందరి చేతులూ వణుకుతాయి. అయినా ఏ అక్షరమో నాకు తెలుస్తుంది."

"పని పోతుంది, కుముదం."

ఆమె పోదు అనలేదు. "పోతుందేమో. ఇప్పుడొచ్చి వెళ్లినాయనది పోయింది కదా," అంది. పలక తుడిచి, తరవాతి పలక తీసుకుంది.

అతను లోటాను ఎత్తి తాగాడు. ఒలకలేదు.

*

మరునాడు పొద్దున్నే శఠగోపం మనిషిని ఏకాంబరం ఇంటికి పంపి, తనకంటే ముందే షెడ్డుకు రమ్మని చెప్పించాడు. తను వెళ్లేసరికి డ్రైవర్లు బస్సులు కడుగుతున్నారు. కొండల మీద ఎండ పడి రాళ్ల అంచులు కోసుకున్నట్టు కనిపిస్తున్నాయి. పరంధామయ్య టైరు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. గేటు బయట ఏకాంబరం ఉన్నాడు, లోపలికి రమ్మంటే తప్ప రాననట్టు. రమ్మని ఎవరూ అనలేదు. శఠగోపం అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. పట్టుకున్నది కుడిచేత్తో. ఏకాంబరం ఒక అడుగు వేసి, పట్టులో ఏదో తెలిసి, కిందికి చూసి, ముఖంలోకి చూశాడు.

పరంధామయ్య నోరు పుక్కిలించి ఉమ్మి, ఏందప్పా ఇద్దరూ ఒకే బండిలో దిగినారే అన్నాడు. డ్రైవర్లు నవ్వారు.

"ఏకాంబరం చెప్పింది నిజమండీ," అన్నాడు శఠగోపం. "ఆ బోర్డులు చదువు రానోళ్లకు తెలీవు. బస్టాండులో నేను నా కండ్లతో చూసినా. మొన్న మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పినా."

నవ్వులు ఆగిపోయాయి. పరంధామయ్య తువాలుతో నింపాదిగా మూతి తుడుచుకున్నాడు. అతనిది మోసం పట్టుకునే బుర్ర. ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారేమో అని తూచుకుంటున్నాడు.

"ఎందుకు చెప్పినావు అబద్ధం? నీకేమొచ్చింది దానివల్ల?"

ఆ ప్రశ్నకు శఠగోపం దగ్గర చాలా జవాబులున్నాయి. చలికాలం నుంచి కూడబెట్టినవి. వాటిని అక్కడే వదిలేసి, పనిసంచిని భుజం మీంచి దించాడు.

"సరే. మొన్న తెలస్తాదంటివి, ఈపొద్దు తెలీదంటివి. మాటలొద్దు. పాత మాదిరి రాయి ఒకటి, ఈన్నే, నా ముందర. మధ్యాన్నం బండికి తగిలిద్దాం. జనం సరిగ్గా ఎక్కితే వీని బ్యాగు వీనికి ఇస్తా. ఎక్కకపోతే ఇద్దరూ గేటు బయట." పరంధామయ్య ఒక క్లీనరుతో ఖాళీ రేకు తెమ్మన్నాడు.

నలుపు వేసి ఆరబెట్టిన రేకును తెచ్చి బస్సు బంపరుకు ఆనించి నిలబెట్టారు. డ్రైవర్లు బకెట్లు వదిలి చుట్టూ చేరారు. ఎవరో శఠగోపం పనిసంచిలోంచి స్కేలు తీసి అందించబోయారు. అతను వద్దన్నాడు. చెయ్యి ఆనించుకునే కర్ర కూడా సంచిలోనే ఉండనిచ్చాడు. రేకు ముందు గొంతుకూర్చుని పసుపురంగు డబ్బా మూత తీశాడు. కుంచె ముంచి ఎత్తేసరికి రంగు చుక్కలు పంచె మీద, చెప్పుల మీద, నేల మీద చిట్లాయి. అది చూసి పరంధామయ్య ముందుకు వంగాడు.  ఏకాంబరం తల తిప్పుకున్నాడు. మిగిలినవాళ్లు కుంచెనే చూస్తున్నారు. దాని కొస గాలిలో తనకు తానే ఏదో రాసుకుంటున్నట్టు కదులుతోంది.

భయం పోలేదు. అది మెడ వెనక ఊపిరి వదులుతూ ఉంది. ఎడమచెయ్యి అలవాటుగా కుడి మణికట్టును పట్టుకోవడానికి వచ్చింది. శఠగోపం దాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. కుంచెను రేకుకు ఆనించి, అందరూ చూస్తుండగా, మొదటి వంపు తిప్పాడు.